ముంబైలో ఉద్యోగం, చేతికి 35 వేలు: గది ఎక్కడ తీసుకోవాలి?

ముంబైలో ఉద్యోగం ఖాయమైంది. కోతలన్నీ పోను చేతికి వచ్చేది 30 నుంచి 40 వేల మధ్య. తెలిసినవాళ్లను సలహా అడిగితే ఒకరు "దూరంగా విరార్ వైపు వెళ్లిపో, సగం అద్దెకే ఇల్లు వస్తుంది" అంటారు. ఇంకొకరు "ఆ లోకల్ ట్రైన్ల బాధ నీ వల్ల కాదు, ఆఫీసు దగ్గర్లో పీజీ చూసుకో" అంటారు. ఇద్దరి మాటా నిజమే, కాకపోతే ఇద్దరూ వేర్వేరు మనుషుల సంగతి చెబుతున్నారు. లెక్క వేసి చూస్తే దూరం వెళ్లడం కుటుంబంతో వచ్చేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది, ఒంటరిగా వచ్చేవాళ్లకు కాదు. నేను రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ ఇచ్చిన అద్దెలు 2025 నాటి సుమారు అంకెలు. ఒకే వీధిలో కూడా బిల్డింగ్ వయసును బట్టి, స్టేషన్‌కు ఎంత నడవాలో దాన్ని బట్టి రెండు మూడు వేలు అటూ ఇటూ అవుతాయి.

## అద్దె కంటే ముందు చూడాల్సినవి

ఆఫీసు ఏ లైన్ మీద ఉంది? ముంబైలో ఏరియా పేరు అడగరు, స్టేషన్ పేరు అడుగుతారు. వెస్టర్న్ లైన్ చర్చ్‌గేట్ నుంచి దాదర్, అంధేరీ, బోరివలి మీదుగా విరార్ వైపు పోతుంది. సెంట్రల్ లైన్ దక్షిణ ముంబైలోని సీఎస్‌ఎంటీ స్టేషన్ నుంచి ఠాణే, డోంబివిలి, కల్యాణ్ వైపు, హార్బర్ లైన్ కుర్లా, వాశీ మీదుగా పన్వేల్ వైపు వెళ్తాయి. ఠాణే నుంచి వాశీ, పన్వేల్ వైపు వెళ్లే ట్రాన్స్ హార్బర్ లైన్ వేరే ఉంది. ఇల్లు, ఆఫీసు ఒకే లైన్ మీద ఉంటే 40 కిలోమీటర్లయినా రోజూ తిరగొచ్చు. లైన్ మారాల్సి వస్తే 20 కిలోమీటర్లకే ప్రాణం పోతుంది. దాదర్ బ్రిడ్జి మీద సాయంత్రం ఏడింటికి వెస్టర్న్ నుంచి సెంట్రల్‌కు ఒకసారి మారి చూస్తే ఈ మాట ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మెట్రోలు వచ్చాక కొన్నిచోట్ల ఈ బాధ తగ్గింది. 2014లో మొదలైన ఘాట్‌కోపర్–అంధేరీ–వర్సోవా మెట్రో వల్ల సెంట్రల్ లైన్ వాళ్లు దాదర్ దాకా వెళ్లకుండానే అంధేరీ చేరుతున్నారు. భూగర్భ మెట్రో 3 కూడా 2025 అక్టోబర్‌లో కఫ్ పరేడ్ దాకా పూర్తయింది. ఆఫీసులు ఎక్కువగా ఉండే బాంద్రా–కుర్లా కాంప్లెక్స్ (బీకేసీ)లో పనిచేసేవాళ్లకు ఇది పెద్ద ఊరట. పవై విషయం వేరు: అక్కడ రైల్వే స్టేషన్ లేదు. కంజూర్‌మార్గ్‌లోనో విక్రోలీలోనో దిగి ఆటోనో బస్సో ఎక్కాలి, వానాకాలంలో ఆ చివరి ముక్కకే ముప్పావుగంట పడుతుంది.

మొదటి రోజు ఎంత కావాలి? చాలామంది నెల అద్దె గురించే ఆలోచిస్తారు. అసలు దెబ్బ పడేది అడుగుపెట్టిన రోజున. డోంబివిలిలో 13 వేల అద్దెకు ఒక 1 బీహెచ్‌కే తీసుకున్నారనుకుందాం. డిపాజిట్ 50 వేలు, బ్రోకర్‌కు ఒక నెల అద్దె 13 వేలు, మొదటి నెల అద్దె 13 వేలు. పరుపు, గ్యాస్ స్టవ్, బకెట్లు, గిన్నెలు, ఫ్యాన్ లాంటివాటికి ఎంత పొదుపుగా కొన్నా 15 వేలు. అగ్రిమెంట్ ఖర్చుతో కలిపి 93 వేల దాకా తేలుతుంది. అదే 13 వేల పీజీ అయితే ఒక నెల డిపాజిట్, ఒక నెల అద్దె, దుప్పటి, బకెట్ కలిపి 30 వేలు దాటదు. మొదటి జీతం రావడానికి నెల పైనే పట్టొచ్చు కాబట్టి ఇది చిన్న తేడా కాదు. ఈ డిపాజిట్ కోసం అప్పు చేస్తే, తక్కువ అద్దె ఇల్లని తీసుకున్న లాభం వడ్డీకే పోతుంది.

రోజుకు ఎన్ని గంటలు? ట్రైన్ టైం కాదు, తలుపు నుంచి తలుపు దాకా పట్టే టైం లెక్కపెట్టాలి. విరార్ నుంచి అంధేరీకి ట్రైన్‌లో గంట లోపే. ఇంటి నుంచి స్టేషన్‌కు షేర్ ఆటో, ఎక్కలేక వదిలేసిన ట్రైన్, అంధేరీలో బ్రిడ్జి ఎక్కి దిగడం, మళ్లీ ఆటో అన్నీ కలిపితే గంటన్నర నుంచి రెండు గంటలు.

అగ్రిమెంట్ రిజిస్టర్ అవుతుందా? మహారాష్ట్రలో 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం (ఇక్కడి అద్దె అగ్రిమెంట్) రాసుకుని రిజిస్టర్ చేయించాలి, ఆ బాధ్యత ఓనర్‌ది. సాధారణంగా 11 నెలలకు రాస్తారు. స్టాంప్ డ్యూటీ మొత్తం అద్దె మీద 0.25 శాతం, దానికి డిపాజిట్ మీద లెక్కగట్టిన వడ్డీ కొంచెం కలుస్తుంది. పైన చెప్పిన డోంబివిలి ఇంటికి అది 400 లోపే. రిజిస్ట్రేషన్ ఫీజు కార్పొరేషన్ పరిధిలో 1,000. బ్రోకర్ "అగ్రిమెంట్ చార్జీలు" అని 5, 6 వేలు అడిగితే ఈ అంకెలు చెప్పి బేరమాడండి. సగం ఓనర్ భరించడం కూడా మామూలే. బ్యాంకు, గ్యాస్ కనెక్షన్, ఆధార్‌లో అడ్రస్ మార్పు అన్నింటికీ ఈ కాగితమే ఆధారం.

ఇక ట్యాక్స్. 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను పడదు కాబట్టి ఈ జీతానికి ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మినహాయింపు గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ప్రొఫెషనల్ ట్యాక్స్ ఏడాదికి 2,500 కోస్తారు. నెలకు 25 వేల లోపు జీతమున్న మహిళలకు అది కూడా లేదు.

## పీజీ, ఆఫీసుకు దగ్గర్లో

అంధేరీ, మలాడ్, గోరేగావ్, పవై ప్రాంతాల్లో ఇద్దరు ముగ్గురు ఉండే గదిలో ఒక మంచానికి 9 నుంచి 16 వేలు. కొన్నింట్లో రెండు పూటలా తిండి కలిసి ఉంటుంది. బ్రోకర్ అక్కర్లేదు, నచ్చకపోతే నెల ముందు చెప్పి మారిపోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ మారిపోయే స్వేచ్ఛ చాలా విలువైనది.

లోపాలు ఉన్నాయి. మంచం, ఒక అల్మరా అర, అంతే మీ ప్రపంచం. తిండి ఎక్కువగా చపాతీ, పప్పు, ఆలుగడ్డ. అన్నం పెట్టినా మనకు సరిపడేంత పెట్టరు. చాలా పీజీలు రిజిస్టర్డ్ అగ్రిమెంట్ ఇవ్వవు, రసీదు మాత్రం ఇస్తాయి. డిపాజిట్ ఎప్పుడు, ఎంత కోసుకుని తిరిగిస్తారో చేరేముందే వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. పీజీల మీద వచ్చే గొడవల్లో చాలా ఈ డిపాజిట్ గురించే.

## నలుగురు కలిసి ఫ్లాట్

కాందివలి, బోరివలి, ములుండ్, ఠాణే వైపు ఒక 2 బీహెచ్‌కే 32 నుంచి 42 వేలకు దొరుకుతుంది. నలుగురు పంచుకుంటే మనిషికి 8 నుంచి 10 వేలు. వంట మనిషిని పెట్టుకుని సొంతంగా వండించుకుంటే తిండికి ఇంకో 5 వేలు, కరెంటు, నెట్, పనిమనిషి కలిపి వెయ్యి, పదిహేను వందలు. అంటే 15 వేలలో మనకు నచ్చిన పప్పుచారు, అన్నం. బియ్యం సంగతి ఒక మాట: ఇక్కడి షాపుల్లో కోలం బియ్యం బాగా దొరుకుతుంది, మన సోనా మసూరికి దగ్గరగానే ఉంటుంది. ఆవకాయ, గోంగూర కావాలంటే మాటుంగా వైపు దక్షిణాది షాపులున్నాయి.

అసలు చిక్కు సొసైటీలతో, అంటే బిల్డింగ్‌లోని ఫ్లాట్ ఓనర్ల సంఘాలతో. "బ్యాచిలర్లకు ఇవ్వం" అనే బోర్డు ఉండదు, కానీ ఓనర్ ఒప్పుకున్నాక కూడా సొసైటీ కమిటీ అడ్డుపడుతుంది. కొన్నిచోట్ల మాంసాహారం వండకూడదంటారు. అందుకే కొత్త ఫ్లాట్ వెతకడం కంటే, ఇప్పటికే ముగ్గురున్న ఫ్లాట్‌లో ఖాళీ అయిన నాలుగో చోటు పట్టుకోవడం సులువు. అప్పుడు బ్రోకరేజీ ఉండదు, పాత మనిషి డిపాజిట్ వాటా ఇచ్చేస్తే చాలు. కాకపోతే అగ్రిమెంట్‌లో మీ పేరు చేర్పించుకోండి. పేరు లేకపోతే పోలీసులకిచ్చే అద్దెదారుల వివరాల్లోనూ మీరు ఉండరు. రేపు గొడవ వస్తే ఆ ఇంట్లో మీరు అతిథి కిందే లెక్క.

## చాల్ గది, ఎస్‌ఆర్‌ఏ బిల్డింగ్

ఊరి మధ్యలోనే 7 నుంచి 14 వేలకు చిన్న గది. కుర్లా, ఘాట్‌కోపర్, జోగేశ్వరి, సాకీనాకా వైపు ఎక్కువ. చాల్ అంటే వరసగా ఒంటి గదులుండే పాత బిల్డింగ్, బాత్రూం అందరికీ కలిపి ఉంటుంది. పొద్దున నీళ్లు వచ్చే రెండు గంటల్లోనే డ్రమ్ములు నింపుకోవాలి. మురికివాడల పునరావాసం కింద కట్టిన ఎస్‌ఆర్‌ఏ ఫ్లాట్లలో లోపలే బాత్రూం, లిఫ్టు ఉంటాయి కాబట్టి చూడగానే నచ్చుతాయి. అయితే ఆ ఫ్లాట్లను కేటాయించిన కుటుంబం కొన్నేళ్లపాటు అమ్మడానికి, అద్దెకు ఇవ్వడానికి ఆంక్షలుంటాయి. అందుకే ఓనర్ "అగ్రిమెంట్ వద్దు, నమ్మకం మీద ఉండండి" అంటాడు. ఆ మాట వినిపించిందంటే పెద్ద డిపాజిట్ మాత్రం ఇవ్వకండి. మనవాళ్లెవరో ఆ చాల్‌లో ముందే ఉంటే తప్ప కొత్తవాళ్లకు దీన్ని నేను చెప్పను.

## దూరంగా సొంత 1 బీహెచ్‌కే

నాలాసోపారా, విరార్‌లో 7 నుంచి 11 వేలు. డోంబివిలి, కల్యాణ్‌లో 10 నుంచి 15 వేలు. బద్లాపూర్ ఇంకొంచెం తక్కువ. "సగం అద్దె" అనే మాట పుట్టింది ఇక్కడే.

ఒంటరి మనిషి లెక్క చూద్దాం, ఆఫీసు అంధేరీలో. విరార్ ఇంటి అద్దె 9 వేలు, కరెంటు, నీళ్లు, నెట్ 1,500, తిండి 5 వేలు, షేర్ ఆటోలు రెండు వైపులా కలిపి 1,500. మొత్తం 17 వేలు. అంధేరీలోనే తిండితో కలిపి 15 వేల పీజీ కంటే ఇది ఎక్కువ. పైగా రోజుకు రెండున్నర గంటలు అదనంగా పోతాయి, నెలకు 25 రోజులంటే 60 గంటల పైమాటే. ఎక్కువ డబ్బు కట్టి ఎక్కువ తిప్పలు పడటం అన్నమాట. సొంత గది, సొంత తాళం లేకపోతే ఉండలేని మనుషులుంటారు. వాళ్లకు ఆ ఖర్చు ఖర్చు కాదు, అది వేరే సంగతి.

కుటుంబానికి ఇదే లెక్క తలకిందులవుతుంది. అంధేరీలో ఒక మోస్తరు 1 బీహెచ్‌కే 35 వేలు దాటుతుంది, అంటే జీతం మొత్తం. విరార్‌లో 9, డోంబివిలిలో 13. నెలకు 20 వేలకు పైగా మిగులు. అరవై గంటలకు అంత వస్తుందంటే, మీ ఆఫీసు గంటకు ఇచ్చే జీతం కంటే అది ఎక్కువే.

ఇక ప్రయాణం. పాస్ చవకే, సెకండ్ క్లాస్ నెల పాస్ కొన్ని వందలు మాత్రమే. కష్టమంతా ఎక్కడంలో, దిగడంలో. ఎక్కగానే ముందున్నవాడి భుజం తట్టి "అంధేరీ?" అని అడగాలి. తల ఊపితే అతని వెనకే మీ చోటు. ప్లాట్‌ఫాం ఎటువైపు వస్తుందో ముందే తెలుసుకుని ఆ తలుపు వైపు జరగాలి, స్టేషన్ వచ్చాక జరుగుదామంటే దిగలేరు. ముగ్గురు కూర్చునే సీట్లో అంచున దొరికే నాలుగో చోటును అందరూ ఫోర్త్ సీట్ అంటారు, సగం ఒళ్లు గాల్లోనే ఉంటుంది. సాయంత్రం విరార్ ఫాస్ట్ ఎక్కి దగ్గరి స్టేషన్‌లో దిగుదామనుకుంటే రోజూ వెళ్లేవాళ్లు తిట్టిపోస్తారు. పొద్దున నాలాసోపారా వాళ్లు సీటు కోసం వెనక్కి విరార్ దాకా వెళ్లి అదే ట్రైన్‌లో తిరిగొస్తారు. సెంట్రల్‌లో దివా, ముంబ్రా దగ్గర రద్దీ భయంకరం. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర తలుపుల్లో వేలాడుతున్నవాళ్లు పట్టాల మీద పడి ప్రాణాలు పోయాయి. ఎంత ఆలస్యమైనా సరే, వేలాడకండి. ఫస్ట్ క్లాస్ పాస్ చాలా ఎక్కువ, అందులోనూ రద్దీ ఉంటుంది.

ఇల్లు చూసేటప్పుడు అద్దె తక్కువని తొందరపడొద్దు. 2025 మొదట్లో నాలాసోపారా తూర్పున కోర్టు ఆదేశాలతో 41 అక్రమ భవనాలు కూల్చారు. అద్దెకున్నవాళ్లు కూడా రోడ్డున పడ్డారు. డోంబివిలి వైపు నకిలీ అనుమతులు చూపి రెరా (ఇళ్ల నిర్మాణాల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తెచ్చుకున్న 65 బిల్డింగుల కేసు హైకోర్టుకు వెళ్లింది. సొసైటీ రిజిస్టర్ అయిందా, కాపురానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. వీలైతే పొద్దున్నే వెళ్లి కుళాయి తిప్పి చూడండి. ట్యాంకర్ మీద బతికే బిల్డింగ్ అయితే ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. పై అంతస్తు అయితే సీలింగ్ మూలల్లో, బాత్రూం వెనక గోడ మీద చెమ్మ మరకలు వెతకండి. కొత్తగా సున్నం వేసిన గోడ చూసి సంతోషపడకండి, మేలో వేసిన సున్నం జూలైలో బుడగలు కడుతుంది. వానాకాలంలో సాయన్, కుర్లా దగ్గర పట్టాల మీద నీళ్లు నిలిస్తే సెంట్రల్, హార్బర్ రెండూ ఆగిపోతాయి. వసాయీ, నాలాసోపారా వైపు కూడా పట్టాలు మునుగుతాయి.

డోంబివిలి, కల్యాణ్ వైపుకు ఒక అదనపు మార్కు వేస్తాను. హైదరాబాద్ నుంచి వచ్చే హుస్సేన్‌సాగర్, నిజామాబాద్ మీదుగా వచ్చే దేవగిరి, విశాఖ, విజయవాడ మీదుగా వచ్చే కోణార్క్ మూడూ కల్యాణ్‌లో ఆగుతాయి. పిల్లలతో, సంచులతో ఊరికి వెళ్లొచ్చేవాళ్లకు ఇది తక్కువ సుఖం కాదు. భివండి కూడా పక్కనే, అక్కడ మన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు.

## నవీ ముంబై

ఆఫీసు ఐరోలీ, మహాపే, బేలాపూర్ వైపు ఉంటే ఇంకేమీ ఆలోచించకండి. ఘన్సోలీ, కోపర్‌ఖైర్నేలో 1 ఆర్‌కే (ఒక గది, వంటిల్లు) 9 నుంచి 14 వేలు, ఖార్‌ఘర్, కొత్త పన్వేల్‌లో 1 బీహెచ్‌కే 13 నుంచి 22 వేలు. రోడ్లు వెడల్పు, గాలి ఆడుతుంది. నీళ్ల బాధ మిగతా శివార్ల కంటే తక్కువ. ఆఫీసు దక్షిణ ముంబైలో ఉంటే మాత్రం ఆగండి. పన్వేల్ నుంచి సీఎస్‌ఎంటీకి హార్బర్ లైన్‌లో గంటంబావు పైనే, దాదాపు ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది. 2024 జనవరిలో తెరిచిన సముద్రం మీది వంతెన అటల్ సేతు ఎక్కువగా కార్లున్నవాళ్ల కోసం, టోల్ కట్టి దాని మీద రోజూ తిరిగే జీతం కాదు మనది.

## ఒకచోట పెట్టి చూస్తే

| ఎంపిక | ఒక మనిషికి నెల ఖర్చు, తిండితో | మొదటి రోజు కావాల్సింది | ఆఫీసుకు రానుపోను | రిజిస్టర్డ్ అగ్రిమెంట్ |
|---|---|---|---|---|
| దగ్గర్లో పీజీ | 13–17 వేలు | 30 వేల లోపు | గంట, గంటన్నర | చాలావరకు లేదు |
| షేరింగ్ ఫ్లాట్ | 14–17 వేలు | 35–60 వేలు | 2–3 గంటలు | పేరు చేర్పిస్తే ఉంటుంది |
| చాల్, ఎస్‌ఆర్‌ఏ | 13–19 వేలు | 40–70 వేలు | గంట, రెండు గంటలు | అనుమానమే |
| దూరంగా 1 బీహెచ్‌కే | 15–23 వేలు | 75 వేలు–లక్ష | 3–4 గంటలు | ఉంటుంది, బిల్డింగ్ చూసుకోవాలి |
| నవీ ముంబై 1 ఆర్‌కే, 1 బీహెచ్‌కే | 16–29 వేలు | 70 వేలు–లక్షన్నర | ఆఫీసు అక్కడే ఉంటే గంట | ఉంటుంది |

## మీరెవరు?

ఒంటరిగా వచ్చే కుర్రాడు, మొదటి ఉద్యోగం. పీజీలో దిగండి. మూడు నాలుగు నెలల్లో ఆఫీసులో పరిచయాలవుతాయి, షేరింగ్‌లో ఖాళీ అదే తెలుస్తుంది. పాలమూరు, కరీంనగర్ నుంచి బొంబాయి వెళ్లిన పాతతరం కూడా ముందు చుట్టాల గదిలో దిగి తర్వాతే చోటు చూసుకుంది. ఊళ్లో కూర్చుని ఫోటోలు చూసి అడ్వాన్స్ పంపడం మాత్రం వద్దు, ఇందులో మోసాలు లెక్కలేనన్ని.

ఒంటరిగా వచ్చే అమ్మాయి. షిఫ్ట్ రాత్రి తొమ్మిది దాటితే దగ్గర్లోనే ఉండాలి, అద్దె రెండు మూడు వేలు ఎక్కువైనా సరే. పగటి ఉద్యోగమైతే షేరింగ్ హాయిగా ఉంటుంది. లోకల్స్‌లో లేడీస్ కోచ్‌లు, రద్దీ వేళల్లో లేడీస్ స్పెషల్ ట్రైన్లు ఉన్నాయి. పీజీ అయితే రాత్రి గేటు ఎన్నింటికి మూస్తారో ముందే అడగండి. పదింటికి మూసే పీజీ, తొమ్మిదిన్నరకు వదిలే ఆఫీసు కుదరవు.

భార్యాభర్తలు, ఒకరిదే జీతం. డోంబివిలి, కల్యాణ్, లేదా ఆఫీసు వెస్టర్న్ మీద ఉంటే వసాయీ, విరార్. కానీ ఇద్దరూ ఒకేసారి రావద్దు. ఒకరు ముందు వచ్చి రెండు నెలలు పీజీలో ఉండి, డిపాజిట్ కూడబెట్టి, ఆ ట్రైన్ రెండు మూడు సార్లు రద్దీ వేళలో ఎక్కి చూసి, అప్పుడు ఇల్లు తీసుకోవాలి. రెండోవారికీ ఉద్యోగం దొరికే అవకాశముంటే ఠాణే చూడండి. అద్దె 20 వేలు దాటుతుంది, కానీ సెంట్రల్, ట్రాన్స్ హార్బర్ రెండూ అందుబాటులో ఉంటాయి కాబట్టి ఇద్దరి ఆఫీసులు రెండు దిక్కుల్లో ఉన్నా నెగ్గుకురావచ్చు.

బడికి వెళ్లే పిల్లలున్నవాళ్లు. అద్దె కంటే ముందు స్కూల్ ఫీజు కనుక్కోండి. రాష్ట్రంలోని బడుల్లో మరాఠీ తప్పనిసరి సబ్జెక్టు, ఆరో ఏడో తరగతిలో వచ్చిన పిల్లలకు అది కష్టమే. రాష్ట్ర బోర్డు బడుల్లో అకడమిక్ ఇయర్ జూన్‌లో మొదలవుతుంది, మధ్యలో కుటుంబాన్ని కదిలించకండి.

చేతికి 25 వేల లోపు వచ్చేవాళ్లు. ఒంటరిగా అయితే పీజీ లేదా షేరింగ్‌లో బతకొచ్చు, ఇంటికి నాలుగైదు వేలు పంపొచ్చు. కుటుంబంతో అయితే కంపెనీ నుంచి ఏదో ఒకటి రాబట్టాకే బయల్దేరండి: డిపాజిట్‌కు వడ్డీ లేని అడ్వాన్స్, లేదా నవీ ముంబై, ఠాణే బ్రాంచిలో పోస్టింగ్, అదీ లేకపోతే మొదటి నెల గెస్ట్ హౌస్. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందు అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు వింటారు, చేరాక అడిగితే "చూద్దాం" అంటారు.